ఇంటిల్లిపాదికీ తొలి డిజిటల్ పియానో

ఈ ఏడాది మా ఇంట్లో పిల్లలతో పాటు పెద్దలకూ పియానో నేర్చుకోవాలన్న కోరిక కలిగింది కనుక, అందరికీ పనికివచ్చే వాద్యాన్నే వెతకవలసి వచ్చింది.

అన్నిటికన్నా ముందు చూడవలసినవి మీటలు. 61 మీటల మామూలు కీబోర్డు చవకగా దొరుకుతుంది గానీ, దాని మీటలు స్ప్రింగు మీద కదులుతాయి కాబట్టి వేలికి బరువు తెలియదు. అసలు పియానోలో మీట నొక్కగానే చిన్న సుత్తి లేచి తీగను తాకుతుంది. ఆ స్పర్శను అనుకరించే 88 మీటల డిజిటల్ పియానోలో మంద్రస్థాయి మీటలు కాస్త బరువుగా, తారస్థాయి మీటలు తేలికగా ఉంటాయి. సున్నితంగా, గట్టిగా పలికించే తేడా వేళ్లకు మొదటినుంచీ అలవడాలంటే ఇది తప్పనిసరి అని నా దృఢమైన అభిప్రాయం.

యమహా పి-45, రోలాండ్ ఎఫ్‌పి-10 రెండూ ఈ కోవలోనివే. ఏకకాలంలో పలికే స్వరాలు మొదటిదానిలో 64, రెండవదానిలో 96. తొలి పాఠాలకు 64 ధారాళంగా సరిపోతాయి. పి-45లో మీటల వరుసను రెండు సమాన స్థాయులుగా విడదీసే డ్యుయో సదుపాయం ఉండడం వల్ల, తల్లి ఎడమవైపు వాయించిన స్వరాన్నే పాప కుడివైపు అదే స్థాయిలో పలికించగలదు. పాడేవారి శ్రుతికి తగ్గట్టు స్థాయి మార్చుకునే ట్రాన్స్‌పోజ్ మన ఇళ్లలో నిజంగా అక్కరకు వస్తుంది.

స్వరం నిలిచి మోగేందుకు కాలితో నొక్కే, వాద్యంతో వచ్చే చిన్న చదరపు పెడల్ నున్నటి టైల్స్ మీద జారిపోతుంది. దాని కింద రబ్బరు చాప వేయాలి. మోచేతులు మీటల ఎత్తుకు రావాలి కాబట్టి, ఎత్తు మార్చుకోగల కూర్చునే బల్లకు కూడా ముందే డబ్బు కేటాయించుకోవడం మంచిది.