మార్చిలో ఫాలా, మామా?

మొన్న మార్చి చివర్లో అక్క వాళ్లు సియాటెల్ నుంచి పెళ్లికి వచ్చారు, పిల్లాడికి రెండు వారాలు బడి మానిపించి మరీ. పెళ్లి హడావిడి అయ్యాక మేడారం పోయి మొక్కి వద్దామని హనుమకొండలో పొద్దున్నే బయల్దేరాం. పస్రా దాటి అడవిలోకి పోగానే, అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్న మా తొమ్మిదేళ్ల అల్లుడు "మామా, ఇండియాలో ఫాల్ మార్చిలో వస్తదా?" అన్నాడు. ఫాల్ అంటే వాళ్లక్కడ ఆకులు రాలే కాలం.

రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు మోడులై నిలబడి ఉన్నాయి. ఏమీ ఆలోచించకుండా "ఆ, అంతే రా" అనేశాను. వాడు వదులుతాడా! "మరి చలేది?" అన్నాడు. బయట చూస్తే ఏసీ ఆపితే ఉడికిపోయేంత ఎండ.

వాళ్ల మేపుల్ చెట్టుకు ఆకు రాల్చమని చెప్పేది చలి, దాంతోపాటు పొద్దు కురచబడటం. వెలుతురు తగ్గితే ఆకు తెచ్చే సంపాదన తగ్గుతుంది, నేల గడ్డకడితే వేర్లకు నీళ్లు అందవు, లేత ఆకు మంచుకు చచ్చిపోతుంది. అందుకని ఆకులోని పచ్చదనాన్ని విరిచి, పనికొచ్చే నత్రజనిని కొమ్మల్లోకి లాగేసుకుని, తొడిమ దగ్గర బెరడు లాంటి పొర ఒకటి అడ్డం కట్టి వదిలేస్తుంది. మన టేకు చేసే పని కూడా అచ్చం ఇదే, కాకపోతే దీన్ని తరిమేది దాహం. వరంగల్ వైపు ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడితే అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడిపోతుంది. చేటంత ఆకులు పెట్టుకుని ఏప్రిల్ ఎండలో నిలబడితే చెట్టు ఒళ్లంతా ఆవిరైపోదూ? అందుకే వాళ్ల చెట్లు బోడిగా ఉండే డిసెంబర్‌లో మనవాటికి ఇంకా ఆకులుంటాయి, వాళ్లకు పచ్చగా ఉండే మేలో మనవి మోడులు. మోదుగ, ఇప్ప అయితే ఇంకో అడుగు ముందుకేసి ఆకుల్లేని టైంలోనే పూసేస్తాయి.

తాడ్వాయి దగ్గర ఆగి నీడ వెతుక్కుంటుంటే వాడు కింద పడి ఉన్న ఒక మొద్దు ఎక్కి నడిచాడు. 2024 ఆగస్టు 31న వీచిన గాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు పడిపోయాయి కదా, అప్పటిదే అయ్యుంటుంది. "దీని మీద పిల్ల చెట్లు ఎందుకు లేవు?" అని వాడి తర్వాతి ప్రశ్న. నాకు అర్థం కాలేదు. అక్క ఫోన్లో ఫొటోలు తీసి చూపించింది. వాళ్లు పోయినేడు హో రెయిన్ ఫారెస్ట్‌కు పోయారట, సియాటెల్‌కు పడమటి వైపు, ఒలింపిక్ కొండలు దాటి. అక్కడ ఏడాదికి దాదాపు 3500 మిల్లీమీటర్ల వాన. నేలంతా నాచు, ఫెర్నులు కమ్మేసి విత్తనానికి చోటు దొరకదు, అందుకని కూలిన మొద్దు మీదే మొలుస్తుంది. ప్రార్థనలో నిలబడ్డ బడి పిల్లల్లా స్ప్రూస్, హెమ్లాక్ మొక్కలు ఒకే వరుసలో! మొద్దు కుళ్లిపోయాక కూడా ఆ వరుస చెదరదు, వేర్లు కాళ్లలా పైకి తేలి ఉంటాయి. మన దగ్గర ఏడెనిమిది నెలలు వాన లేకపాయె, మొద్దు ఎండి పగిలిపోతుంది, విత్తనం మొలిచే లోపే చెదలు సగం తినేస్తాయి.

అంత చల్లటి చోట ఆ చెట్లు ఆకులెందుకు రాల్చవు అని ఈసారి నేనే అడిగాను, వాళ్లకు తెలియలేదు, ఇంటికొచ్చాక చదివాను. అక్కడ చలికాలం మరీ గడ్డకట్టేంత ఉండదు, పైగా వానలన్నీ అప్పుడే, ఎండాకాలమే కాస్త పొడి. కాబట్టి సూదుల్లాంటి మైనం పూత ఆకులు ఏడాది పొడుగునా ఉంచుకున్న చెట్టుదే లాభం.

అమెజాన్ లాంటి ఉష్ణమండల అడవి లెక్క మళ్లీ వేరు. చాలా చోట్ల నిజంగా కరువు కట్టే నెల ఉండదు, చలి ఊసే లేదు, చెట్లన్నీ కట్టగట్టుకుని రాల్చాల్సిన పనిలేదు. ఏ ఆకు వంతు వచ్చినప్పుడు ఆ ఆకు పోతుంది. ఆకుల చివర సన్నగా తోకలా సాగి ఉంటుంది, నీళ్లు జారిపోవడానికి. నాకు ఆశ్చర్యం వేసింది నేల గురించి: అంత పచ్చటి అడవి కింద చాలా చోట్ల మట్టి బక్కది. రాలిన ఆకు ఆ వేడికి, తడికి వారాల్లో కుళ్లిపోతే ఆ సారాన్ని వేర్లు వెంటనే లాగేసుకుంటాయి. ఆస్తంతా చెట్ల ఒంట్లోనే ఉంటుందన్నమాట, అందుకే కొట్టి పంట వేస్తే రెండు మూడేళ్లకే దిగుబడి పడిపోతుంది. మేపుల్ అడవిలో చలికి ఆకు నిదానంగా చివికి, నల్లమట్టిలా నిల్వ ఉండిపోతుంది.

వాడు ఒక ఎండిన టేకాకు ఏరుకున్నాడు, పురుగు కండంతా తినేసి ఈనెలు మాత్రం జల్లెడలా మిగిల్చింది. ఎయిర్‌పోర్టులో ఆకులూ గింజలూ పట్టుకుంటారని అక్క బ్యాగులోంచి తీసేయిస్తే ఒకటే ఏడుపు. ఆ చెట్టును మళ్లీ చూపిస్తానని మాటిచ్చాను.

జూన్‌లో రెండు వానలు పడ్డాక బండి మీద పోయి వీడియో కాల్ చేశాను. కుందేలు చెవుల్లా చిగురేసింది. ఒకటి తుంపి అరచేతిలో నలిపి ఫోన్‌కు చూపించా, చెయ్యంతా పారాణి పెట్టినట్టు ఎర్రగా. "రక్తమా మామా?" అని అరిచాడు, అక్కడ రాత్రి పదకొండు.