కొసమెరుపు తెలిసిపోయాక మిగిలేది

మా నెల్లూరు తిక్కన భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది విరాటపర్వంతో. ఆ పర్వంలో పాత్రలు ఒకరి దగ్గర ఒకరు దాచిపెట్టుకున్న రహస్యాలు కోకొల్లలు గాని, వినేవాడి దగ్గర దాచినది మాత్రం ఒక్కటీ లేదు. కవచం ఎలా తొడుక్కోవాలో తెలియనట్టు తడబడే బృహన్నలను చూసి అంతఃపురపు ఆడపిల్లలు నవ్వుతారు. ఆ బృహన్నల అర్జునుడని మనకు ముందే తెలుసు. కౌరవ సేనను గెలిచింది తన కొడుకేనని మురిసిపోతున్న విరాటుడు, బృహన్నల తోడుండగా గెలవక ఏం చేస్తాడన్న కంకుడి ముఖాన పాచికలు విసిరికొడతాడు. దెబ్బ తిన్నవాడు ధర్మరాజనీ, నెత్తురు నేల మీద పడకుండా పట్టిన ఇల్లాలు ద్రౌపది అనీ తెలియనిది ఆయనకొక్కడికే. మా వీధి రామాలయం దగ్గర హరికథ జరిగే రోజుల్లో ఈ ఘట్టానికి వచ్చేసరికి జనమంతా ముందుకు జరిగి కూర్చునేవారు. కథ తెలియకపోవడం వల్ల కలిగిన ఆసక్తి కాదది, తెలిసి ఉండడం వల్ల కలిగినదే.

1938 జూన్ తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ అనే అమెరికా బొమ్మల కథల పత్రిక మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ చేసినదీ ఇదే పని. తోటి విలేకరి క్లార్క్ కెంట్‌తో కలిసి బయటికి వచ్చిన లోయిస్ లేన్ దగ్గరికి ఒక రౌడీ వచ్చి తనతో డాన్సు చేయమని నిలదీస్తే, క్లార్క్ తల వంచుకొని తప్పుకుంటాడు. ఆమె ఆ రౌడీని చెంపదెబ్బ కొట్టి, క్లార్క్‌ను పిరికిపంద అని తిట్టి, టాక్సీ ఎక్కి వెళ్లిపోతుంది. కొద్దిసేపటికే ఆమెను ఎత్తుకుపోయిన ఆ ముఠా కారును గాలిలోకి ఎత్తి కుదిలించిన సూపర్‌మ్యాన్, ఆమె అసహ్యించుకున్న ఆ పిరికిపందే. పాత్రలకు తెలియనిది మనకు తెలిసి ఉండే ఈ వ్యంగ్యం సూపర్‌హీరో కామిక్స్ పుట్టుకలోనే ఉంది. ముసుగు వేసుకున్న ప్రతి కథానాయకుడూ ఒకరకంగా అజ్ఞాతవాసంలో ఉన్నవాడే. ఆ ముసుగు వెనుక ముఖం తెలిసిన మనం రచయిత పక్షాన చేరిపోయి, తెలియని పాత్రలను చూస్తుంటాం.

కొసమెరుపు దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ రచయిత దాచేది మన దగ్గరే, చివరి పేజీలో బోల్తా పడేదీ మనమే. ఒంగోలులో ఇంజనీరింగు చదువుతున్న మా అక్క కొడుకు ఈ రెండో రకం కథలంటే పడిచస్తాడు. ఎవరైనా ముగింపు ముందుగా చెప్పేస్తే, "ఇంకేముంది మామా చదవడానికి" అని పుస్తకం మూసేస్తాడు. ముగింపు తెలియగానే చచ్చిపోయే కథ మొదటినుంచీ అంత బతికున్నది కాదని నా వాదన. మంచి సూపర్‌హీరో కథల్లో కొసమెరుపు మొదటి పఠనంలో మనల్ని మోసం చేసినా, రెండో పఠనంలో వ్యంగ్యంగా మారి మనల్ని మళ్లీ రచయిత పక్కన కూర్చోబెడుతుంది.

ఈ మార్పును స్పైడర్‌మ్యాన్ మొదటి కథలో చూసినంత స్పష్టంగా మరెక్కడా చూడలేం. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో అది పదకొండు పేజీల కథ. అంతకు ముందు అమేజింగ్ అడల్ట్ ఫాంటసీ అనే పేరుతో నడిచిన ఆ పత్రిక నిండా రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో కలిసి చేసిన చిన్న చిన్న కొసమెరుపు కథలే ఉండేవి. తాను తీసిన గోతిలో తానే పడినవాళ్ల కథలన్నమాట. స్పైడర్‌మ్యాన్ కథనూ వాళ్లు ఆ అచ్చులోనే పోశారు. టీవీ స్టూడియో నడవాలో దొంగ పరుగెత్తుకొస్తాడు, వెనకాల వస్తున్న పోలీసు పట్టుకోమని కేక వేస్తాడు, స్పైడర్‌మ్యాన్ వేషంలో కొత్తగా పేరు సంపాదించిన పీటర్ పార్కర్ కదలకుండా నిలబడతాడు, లిఫ్టు తలుపులు మూసుకుంటాయి. కాస్త కాలు అడ్డం పెట్టినా సరిపోయేదిగా అని పోలీసు మందలిస్తే, అది మీ పని, ఇకపై నా సంగతి మాత్రమే నేను చూసుకుంటానని పీటర్ నిర్లక్ష్యంగా జవాబిస్తాడు. కొన్నాళ్లకు, తనను పెంచిన అంకుల్ బెన్‌ను కాల్చి చంపిన దొంగను పాత గోదాములో పట్టుకొని ముఖం చూస్తే, అది ఆ లిఫ్టు ఎక్కిపోయినవాడి ముఖం.

మొదటిసారి చదివినప్పుడు నడవా దృశ్యం కథ మధ్యలో వచ్చిన ఒక చిన్న విషయంగానే కనిపిస్తుంది. పీటర్ పొగరు మీద కొంచెం విసుగు కలుగుతుంది, అంతే. రెండోసారి చదివినప్పుడు ఆ లిఫ్టు తలుపులు మూసుకునే ప్యానెల్, అంటే ఆ బొమ్మ గడి, దాటి కన్ను ముందుకు పోదు. అతని పెడసరపు జవాబులో ప్రతి మాటా అతనికే తిరిగి తగలబోతోందని మనకు తెలుసు, అతనికి తెలియదు. శక్తితో పాటు బాధ్యత కూడా రావాలన్న ప్రసిద్ధ వాక్యాన్ని అంకుల్ బెన్ చెప్పినట్టు చాలామంది తలుస్తారు గాని, ఈ కథలో అది చివరి ప్యానెల్‌లో రచయిత వ్యాఖ్యగానే ఉంది. ఇంకో తేడా కూడా ఉంది. ఆ పత్రికలోని మిగతా కథల్లో మనిషికి శిక్ష పడగానే కథ ముగిసేది, వాడికి మర్నాడంటూ ఉండేది కాదు. పీటర్‌కు మాత్రం 1963 మార్చి నుంచి సొంత పత్రిక వచ్చింది, కాబట్టి ఆ కొసమెరుపును మోస్తూ అతడు ప్రతి నెలా బతకాల్సి వచ్చింది.

ఆ పత్రికలోనే 1973 జూన్‌లో వచ్చిన 121వ సంచికలో కథ పేరును మొదటి పేజీలో వేయకుండా చివరి పేజీలో వేశారు, ఎందుకంటే పీటర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోతుందన్న సంగతి ఆ పేరులోనే ఉంది. అతని శత్రువు గ్రీన్ గోబ్లిన్ వంతెన మీదినుంచి తోసేసిన ఆమెను స్పైడర్‌మ్యాన్ సాలెగూటి దారంతో పట్టుకుంటాడు; దారం కాలికి చుట్టుకున్న ప్యానెల్‌లో ఆమె మెడ పక్కన చిన్న అక్షరాలతో 'స్నాప్' అని, విరిగిన చప్పుడుగా, ఉంటుంది. ఆ మాటను అతడు చదవలేడు, మనం చదవగలం. ఆమెను పైకి లాగుతూ తన శక్తిని తానే మెచ్చుకుంటున్న అతని డైలాగులను ఆ తర్వాత చదవడం ఎంత కష్టమో చదివినవాళ్లకే తెలుసు. ఆమెను కాపాడబోయిన దారమే ప్రాణం తీసిందని సంపాదకవర్గం తర్వాత పాఠకుల ఉత్తరాల పేజీలో ఒప్పుకుంది. గెర్రీ కాన్వే రాసి గిల్ కేన్ బొమ్మలు వేసిన ఈ కథలో కొసమెరుపుకూ వ్యంగ్యానికీ మధ్య దూరం ఒక్క ప్యానెలే.

చావును ఇలా వాడుకోవడం అందరి వల్లా కాలేదు. 1992లో చనిపోయిన సూపర్‌మ్యాన్ మర్నాటి ఏడాదే తిరిగొచ్చాడు. బ్యాట్‌మ్యాన్ శిష్యుడు జేసన్ టాడ్ బతకాలా వద్దా అని 1988లో ఫోన్ల ద్వారా పాఠకుల ఓట్లు అడిగితే, బతకనివ్వమని 5,271, చంపేయమని 5,343 ఓట్లు వచ్చాయి. 2005లో అతడూ తిరిగొచ్చాడు. నెలనెలా అమ్ముడుపోవాల్సిన పాత్రకు అసలైన ముగింపు ఉండదు గనుక, చావును కొసమెరుపుగా పెట్టిన కథ అప్పు మీద బతుకుతున్నట్టే. 2016లో కెప్టెన్ అమెరికా తొలినుంచీ శత్రువుల ముఠా అయిన హైడ్రా మనిషేనని చివరి పేజీలో చెప్పి హడావుడి చేశారు. రెండో సంచికలోనే అది అతని గతాన్ని మార్చేసిన మాయాశక్తి పనిగా తేలింది. పాత కథలను ఆ వెలుగులో తిరిగి చదివినా కొత్తగా కనిపించేదేమీ లేదు.

దీనికి సరిగ్గా తలకిందులు 1997లో కర్ట్ బ్యూసిక్, మార్క్ బాగ్లీ చేసిన థండర్‌బోల్ట్స్ మొదటి సంచిక. అవెంజర్స్, ఫెంటాస్టిక్ ఫోర్ అనే వీరుల బృందాలు మాయమైపోయిన రోజుల్లో న్యూయార్క్‌ను ఆదుకోవడానికి కొత్త వీరుల బృందం వస్తుంది, జనం నీరాజనాలు పడతారు. చివరి పేజీలో నాయకుడు ముసుగు తీస్తే అతడు అవెంజర్స్‌కు పాత శత్రువైన బేరన్ జీమో, బృందమంతా వేషాలు మార్చిన పాత దుర్మార్గులే. నాకు నచ్చినది ఆ చివరి పేజీ కన్నా రెండో సంచికనుంచి మొదలయ్యే కథ. అప్పటినుంచి రహస్యం మనకు తెలుసు, చప్పట్లు కొట్టే జనానికి తెలియదు. మంచివాళ్లుగా నటిస్తున్నవారిలో కొందరికి ఆ నటనే రుచించి, వేషం తీయడానికి మనసు ఒప్పుకోని స్థితి వస్తుంది. కీచకుడి దగ్గర నోరు మెదపలేకపోయిన పాండవులను చూసినంత ఉత్కంఠతో ఆ సంచికలు చదివాను.

అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ 1986, 1987లలో పన్నెండు సంచికలుగా తెచ్చిన వాచ్‌మెన్‌లో ప్రతినాయకుడు పాత అలవాటు ప్రకారం తన పన్నాగమంతా వివరిస్తాడు. కథానాయకులు కూడా అలవాటుగానే దాన్ని ఆపగలమనుకుంటారు. ముప్పై అయిదు నిమిషాల క్రితమే పని పూర్తి చేశానని అతడు చెప్పడం చాలామందికి గుర్తుండే కొసమెరుపు. నా మట్టుకు నాకు అంతకన్నా గొప్పగా తోచేది న్యూయార్క్ వీధి మలుపులో పేపర్లు అమ్ముకునే ముసలాయనా, ఆయన అంగడి పక్కన కూర్చొని ఓడదొంగల కామిక్ చదివే కుర్రవాడూ. యుద్ధం వచ్చి తీరుతుందని ముసలాయన వచ్చేపోయేవాళ్లందరికీ జోస్యం చెబుతుంటాడు, కుర్రవాడు వినీ విననట్టు పేజీలు తిప్పుతుంటాడు. వాడు చదివే కథలో, తనవాళ్లను కాపాడుకోవాలని ఆత్రంగా ఇంటికి పరుగెత్తిన మనిషే తనవాళ్ల మీద చెయ్యి చేసుకుంటాడు. మొదటిసారి ఈ వీధి సంభాషణలన్నీ అసలు కథకు అడ్డం వస్తున్నాయని విసుక్కుంటాం. పదకొండో సంచిక చివర ఆ వీధికి ఏం జరుగుతుందో తెలిశాక తిరిగి చదివితే, ముసలాయన చిల్లర లెక్కపెట్టుకోవడం దగ్గరే ఆగిపోతాం.

అందుకే మావాడికి ఆ పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ న్యూయార్క్ వీధికి ఏం జరుగుతుందో ముందే చెప్పేశాను. మొహం మాడ్చుకొని తీసుకుపోయాడు గాని, పేపర్ల అంగడి ఉన్న పేజీలు వచ్చినప్పుడల్లా ఒంగోలునుంచి ఫోను చేసి, ముసలాయన ఏమన్నాడో నాకే చదివి వినిపిస్తున్నాడు.