నెక్స్ట్ ఫ్రైడే అంటే ఏ శుక్రవారం?

విదేశంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని కష్టమనిపించలేదు. వినడమే కష్టమైంది. మీటింగులో ఒకరి యాస అర్థం చేసుకునేలోపు ఇంకొకరు పని చెప్పేసి ముందుకు వెళ్లిపోయేవారు.

ఒకసారి 'నెక్స్ట్ ఫ్రైడే'కి రిపోర్టు కావాలన్నారు. నోట్‌బుక్‌లో అదే మాట రాసుకుని, పై వారం అనుకున్నాను. వాళ్లు అడిగింది ఆ వారం శుక్రవారమే. మధ్యాహ్నం రిపోర్టు ఏదని అడిగేసరికి నా దగ్గర సగం కూడా తయారుగా లేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాతే చేయాల్సిన పనులు రాసుకునే టుడూయిస్ట్ అనే యాప్ వాడటం మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో యాప్ తెరిచి 'క్యూ' నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో 'సెండ్ రిపోర్ట్ ఫ్రైడే 3 పీఎం పీ1' అని ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యంగా టైప్ చేస్తే చాలు. రోజు, గంట, ప్రాధాన్యం అన్నీ అదే విడదీసుకుంటుంది. పీ1 నుంచి పీ4 వరకు ఉంటాయి, పీ1 అంటే అన్నిటికన్నా ముందు చేయాల్సింది. క్యాలెండర్ తెరిచి తేదీ వెతికే పని లేదు కాబట్టి, రాస్తూనే చెవి మీటింగు మీద పెట్టొచ్చు.

నాకు అంతకంటే ఎక్కువ ఉపయోగపడింది ఇంకొకటి. మనం టైప్ చేస్తుండగానే అది పట్టుకున్న మాట రంగు మారుతుంది, అది ఏ తేదీగా తీసుకుందో ఆ పెట్టెలోనే కనబడుతుంది. తేదీ కళ్ల ముందు ఉంటే 'అంటే 14వ తేదీ కదా?' అని అక్కడికక్కడే అడిగేయొచ్చు. ఇంగ్లిష్ అర్థం కాలేదేమోనని ఎవరూ అనుకోరు. తేదీ ఖాయం చేసుకుంటున్నారనే అనుకుంటారు.

తెలుగు తేదీలు దానికి తెలియవు. మనం 'ఎల్లుండి' అని ఒక్క మాటలో అనేదాన్ని 'ఇన్ 2 డేస్' అని రాయాలి. పని పేరు మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు. 'అమ్మకి ఫోన్' అని తెలుగులో రాసి, పక్కన 'ఎవ్రీ సండే 8 ఏఎం' అని ఇంగ్లిష్‌లో చేర్చాను. ప్రతి ఆదివారం అది దానంతటదే వస్తుంది.

'ఎవ్రీ' దగ్గర ఒక తేడా తెలుసుకోవాలి. అద్దె లాంటివాటికి మామూలు 'ఎవ్రీ' సరిపోతుంది, మనం ఎప్పుడు కట్టినా తర్వాతి గడువు మారదు. నీళ్ల ఫిల్టర్ మార్చడానికి మాత్రం 'ఎవ్రీ' పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి '3 మంత్స్' అని రాస్తాను. అప్పుడు మార్చిన రోజు నుంచి మూడు నెలలు లెక్కేస్తుంది. పని పేరులోనే 'మంత్లీ రిపోర్ట్' అని ఉంటే, యాప్ దాన్ని నెలనెలా రావాల్సిన పనిగా పొరబడొచ్చు. రంగు మారిన ఆ మాట మీద నొక్కితే మామూలు మాటైపోతుంది.

కొన్ని మాటలకు యాప్ సాయం సరిపోదు. మొన్న మేనేజర్ 'ఎండ్ ఆఫ్ ద డే'కి ఇమ్మన్నారు. మా టీం మూడు దేశాల్లో ఉంది. టైప్ చేయబోతూ ఆగి, ఎవరి సాయంత్రం అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, మీ టైం ప్రకారం ఆరింటికి అన్నారు. 'టుడే 6 పీఎం' అని రాసుకున్నాను.