అలంకారం గుర్తించాను, మార్కులు పోయాయి

నిన్న రాత్రే మార్కులొచ్చాయి, వేడి మీదే రాసేస్తున్నా. నలభై మూడేళ్లకి ఇక్కడ అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లిష్ కాంపొజిషన్ క్లాసులో చేరాను. ఫీజు, పుస్తకాలు అన్నీ గంటలో అయిపోయాయి. మన డిగ్రీని ఇక్కడి క్రెడిట్లలోకి మార్చే కౌంటర్ గురించి మాత్రం అడక్కండి, బీపీ పెరుగుతుంది.

రెండో పేపరు, ఒక నాయకుడి ప్రసంగం మీద రెటారికల్ అనాలిసిస్, అంటే మాటలతో వినేవాళ్లని ఎలా ఒప్పిస్తున్నాడో విప్పి చెప్పడం. నేను అప్పటి అమెరికా ప్రెసిడెంటు లిండన్ జాన్సన్‌ది తీసుకున్నా. 1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మా ఊరి వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజాతి వాళ్లను పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో చావగొట్టారు. ఎనిమిది రోజులకి ఈ ప్రెసిడెంటు కాంగ్రెస్ ఉభయసభల ముందు నిలబడి, ఓటు హక్కు చట్టం చేయండని అడిగాడు.

టెన్త్‌లో "అలంకారం గుర్తించి రాయండి" అంటే నాకు మార్కు పోయేది కాదు. ఆ ధైర్యంతోనే ఇక్కడ ఈథాస్ (చెప్పేవాడి మీద నమ్మకం), అక్కడ పేథాస్ (మనసు కదిలించడం), ఇదిగో పునరుక్తి అని ఆరు పేజీలు ఏరి పెట్టాను. వందకి 58. పేరా పేరా పక్కనా ఎర్ర సిరాతో ఒకటే మాట, "సో వాట్?" పదకొండు సార్లు, లెక్కపెట్టాను. పక్క సీటు అమ్మాయి చూడకుండా బ్యాగులో కుక్కేసి, కార్లో కూర్చుని ఏడ్చాను.

రైటింగ్ సెంటర్‌కి వెళ్తే మా అబ్బాయి వయసు కుర్రాడు. పేరు పెట్టి పిలిచాడు, సరే. "లెక్సింగ్టన్, కాంకర్డ్, అపొమాటాక్స్, సెల్మా. ప్రసంగంలో ఈ ఊళ్ల వరస ఎందుకు?" అన్నాడు. పునరుక్తి అన్నాను. "అది పేరు. పని ఏంటి?" నోరు పెగల్లేదు. వాడే చెప్పాడు: మొదటి రెండూ 1775లో స్వాతంత్ర్య యుద్ధం మొదలైన ఊళ్లు, మూడోది 1865లో అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని లొంగిపోయిన చోటు. వాటి పక్కన, పోయిన వారం దెబ్బలు తిన్న ఊరిని జాన్సన్ కూర్చోబెట్టాడు. అంటే ఆ నడిచినవాళ్లు గొడవ చేసే జనం కాదు, దేశాన్ని కట్టేవాళ్లు.

అప్పుడు వెలిగింది. మన తెలుగు మాస్టారు లక్షణం, లక్ష్యం, సమన్వయం మూడూ రాయమనేవారు కదా, నేను మూడోది ఎగ్గొట్టాను!

ఇంటికొచ్చి ఆడియో పెట్టుకుని, కాగితం మీద సర్వనామాలకి గీతలు గీశాను. "వాళ్ల లక్ష్యం మన లక్ష్యం కూడా కావాలి" అంటాడు. అక్కడ "వాళ్లు", "మన" విడివిడిగా ఉన్నాయి. తర్వాత, వివక్షని జయించాల్సినవాళ్లు నల్లవాళ్లు మాత్రమే కాదు, మనమందరమూ అంటాడు. ఆ వెంటనే "వి షల్ ఓవర్‌కమ్", మనం జయిస్తాం అని. అది ఉద్యమకారులు వీధుల్లో పాడుకున్న పాట. దాన్ని టెక్సాస్ వాడు, అంటే తనూ దక్షిణాది వాడే, అదీ ప్రెసిడెంటు, దక్షిణాది సభ్యులు కూర్చున్న సభలో తన నోటితో అన్నాడు. "వాళ్లు" కరిగి "మనం" అయింది చూడండి, దీని మీదే నాలుగు పేజీలు రాశా.

చివర్లో 1928లో టెక్సాస్‌లోని కొటుల్లా ఊళ్లో తను చదువు చెప్పిన మెక్సికన్ అమెరికన్ పిల్లల సంగతి చెప్తాడు. చాలాసార్లు టిఫిన్ లేకుండా ఆకలితో బడికొచ్చేవాళ్లట. ఖమ్మం దగ్గర రెండేళ్లు టీచరుగా చేసినదాన్ని, అది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పదింటికల్లా బల్ల మీద తల వాల్చేసే పిల్లలు నాకూ ఉండేవాళ్లు. అది మొదట్లోనే చెప్పుంటే సానుభూతి కోసం అనిపించేది. చట్టం అడిగాక చెప్పాడు కాబట్టి, ఇప్పుడు అవకాశం ఉంది, వాడతాను అన్న మాట బెదిరింపులా వినిపిస్తుంది. ఆగస్టు 6న చట్టం మీద సంతకం పెట్టాడు కూడా.

మీరూ రాయబోతుంటే ప్రసంగం ముందు చెవితో వినండి. దేనికెన్ని మార్కులో చెప్తూ క్లాసులో ఇచ్చే ఆ పట్టికని నమ్ముకోవద్దు, దాన్ని నమ్మే నేను మునిగాను.

తిరగరాసిన పేపరుకి రెండోసారి 91. ఇదే క్లాసులో మా వాడికి పోయినేడాది 84. ఫ్రిజ్ మీద అంటించాను, పొద్దున పాలు తీస్తూ చూసి ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు.