ఫ్లాప్ పడ్డాక ఏం చెయ్యాలి: పోకర్ నేర్చుకుంటున్న నా అనుభవం

మా ఇంట్లో రమ్మీ అందరికీ వచ్చు. పెళ్లిళ్లలో పేక ముక్కలు కలుపుతూ పెరిగినవాణ్ణి కాబట్టి పోకర్ నియమాలు నాకు తొందరగానే పట్టుబడ్డాయి. చేతికి రెండు ముక్కలు వస్తాయి. బల్ల మీద ముందు మూడు పరుస్తారు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి టర్న్, ఆఖరిది రివర్. అసలు కష్టం ఫ్లాప్ దగ్గరే మొదలవుతుంది. రమ్మీలో డ్రాప్ చెయ్యాలా వద్దా అన్నది చాలావరకు మొదట్లోనే తేలిపోతుంది. ఇక్కడ అదే ప్రశ్న కొత్త ముక్క పడిన ప్రతిసారీ ఎదురవుతుంది.

మేం డబ్బు పెట్టం. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కూడా నిషేధించారు. 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అందుకే ఆదివారాలు కూకట్‌పల్లిలో ఒక ఫ్రెండ్ ఫ్లాట్‌లో ప్లాస్టిక్ కాయిన్లతో కూర్చుంటాం. డబ్బు లేదు కదా అని ప్రతిదానికీ కాల్ కొడుతూ (ఎదుటివాడు కట్టినంతా మనమూ కడుతూ) పోతే ఆటలో పస ఉండదు. కాబట్టి కాయిన్లు అయిపోయినవాళ్లకి ఆ రోజు మళ్లీ ఇవ్వం. వాళ్లు ముక్కలు పంచుతూ, ఎవరు ఎంత కట్టారో నోట్‌బుక్‌లో రాయాలి. నాకు ఆట నేర్పింది ఆ నోట్‌బుక్కే.

ఒక చేయి, అంటే ఒక పంపకం ఆట, దాంట్లోంచే చెప్తాను. నా దగ్గర కళావర్ ఆసు, ఇస్పేట్ రాణి. నేను రెయిజ్ చేస్తే, అంటే కట్టే కాయిన్లు పెంచితే, ఒక్కడే కాల్ చేశాడు. ఫ్లాప్‌లో ఆఠీన్ రాణి, ఆఠీన్ తొమ్మిది, కళావర్ నాలుగు పడ్డాయి. పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన కాయిన్లలో, 100 ఉంటే 60 కట్టాను. రాజు-రాణి, రాణి-జాకీ ఉన్నవాళ్లూ, రెండు ఆఠీన్లు పట్టుకున్నవాళ్లూ కాల్ చేస్తారు, వాళ్లందరికంటే నేనే ముందున్నాను. వాడు కాల్ చేశాడు. టర్న్‌లో ఆఠీన్ ఎనిమిది. నేను చెక్ చేస్తే (ఏమీ కట్టకుండా ఊరుకుంటే) వాడు 220 పాట్‌లోకి 110 కట్టాడు.

మాలో అందరికంటే ఎక్కువ ఆడిన అన్న పక్కనే కూర్చుని రాస్తున్నాడు. చేయి అయిపోయాక నోట్‌బుక్ నా ముందు పెట్టి, “నీ ముక్కలు కాసేపు పక్కన పెట్టు. ఈ ఎనిమిది ఎవరికి పనికొచ్చింది?” అని అడిగాడు.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. 110 పెడితే మొత్తం 440 అవుతుంది, అంటే నాలుగింట ఒకసారి నేను గెలిస్తే చాలు. వినడానికి చవకే. కానీ చేతిలో రెండు ఆఠీన్లున్నవాడికి ఫ్లష్, అంటే ఒకే రంగు ముక్కలు ఐదు, తయారైపోయింది, జాకీ-పది ఉన్నవాడికి వరస పూర్తయింది, తొమ్మిది-ఎనిమిది ఉన్నవాడికి రెండు జతలు వచ్చాయి. నా దగ్గర ఒక్క ఆఠీనూ లేదు. పైగా ఈ మనిషి ఉత్తి చేత్తో టర్న్‌లో కట్టే రకం కాదని నోట్‌బుక్ పాత పేజీలే చెప్తున్నాయి. నేను ఫోల్డ్ చేసింది (ముక్కలు పడేసి తప్పుకున్నది) సరైనదే. అయితే ఎందుకు సరైనదో నాకు తెలిసింది ఆ లెక్క తర్వాతే. అదే రాణి మీద రంగు కలవని ఏడు, రెండు పడి, టర్న్‌లో మూడు వచ్చి ఉంటే, ఇదే రేటుకి నేను ఆలోచించకుండా కాల్ చేస్తాను.

అప్పటినుంచి కాయిన్ల మీద చెయ్యి వేసేముందు మనసులో అడుగుతాను: నేను కడితే నాకంటే తక్కువ ముక్కలున్నవాళ్లెవరు కాల్ చేస్తారు? ఎక్కువున్నవాళ్లెవరు వదిలేస్తారు? రెండింటికీ జవాబు దొరక్కపోతే చెక్.

డ్రా లెక్క, అంటే కావాల్సిన ముక్క పడి చేయి పూర్తయ్యే అవకాశం ఎంతో చూసే లెక్క, కూడా చాలామంది కొత్తవాళ్లకి సగమే తెలుస్తుంది. ఫ్లాప్‌కి నాలుగు ఆఠీన్లు ఉంటే ఇంకా తొమ్మిది మిగిలి ఉంటాయి. నాలుగుతో గుణిస్తే 36, రివర్ దాకా ఫ్లష్ పడే అవకాశం దాదాపు అంత శాతం. నిజానికి 35. కానీ రెండు ముక్కలూ ఒకే రేటుకి చూడగలిగితేనే ఆ లెక్క. టర్న్‌లో మళ్లీ కట్టాల్సి వస్తే, ఒక్క ముక్కకి అవకాశం 19 శాతమే. ఎదుటివాడు సగం పాట్ కడితే మనకి 25 శాతం కావాలి. ఆ తేడా ఫ్లష్ పడ్డాక వాడి దగ్గర్నుంచి వస్తుందనుకుంటేనే కాల్ చెయ్యాలి. వాడి ముందు నాలుగు కాయిన్లే మిగిలి ఉంటే అదీ రాదు.

ఇంకో మాట. జత కాని రెండు ముక్కలకి ఫ్లాప్‌లో కనీసం ఒక జత పడేది సుమారు మూడింట ఒకసారే. మనకి తగలనట్టే ఎదుటివాడికీ తగలదు. అందుకే ఒక్కడే ఉన్నప్పుడు, ఆసు-ఏడు-రెండు లాంటి, వరసకీ ఫ్లష్‌కీ పెద్దగా దారి లేని పొడి ఫ్లాప్ మీద, ముందు రెయిజ్ చేసినవాడు చిన్నగా కట్టినా చాలాసార్లు పాట్ వచ్చేస్తుంది. ముగ్గురు కాల్ చేసిన చోట అదే పని చేస్తే చాలాసార్లు ఎవరో ఒకరికి తగిలే ఉంటుంది. ఆదివారాలు మా బల్ల మీద ముగ్గురు, నలుగురు ఫ్లాప్ చూడటం మామూలే, అందుకని ఇప్పుడు నా సాధనంతా దాని మీదే: బల్ల మీది పెద్ద ముక్కతో జత కుదిరినా చేతిలో రెండో ముక్క చిన్నదైతే, నలుగురి మధ్య ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు చెక్ చేసి ఊరుకోవాలి. అలాంటి చేతులకి నోట్‌బుక్ వెనక పేజీలు విడిగా పెట్టుకున్నాను.