ఈ-రీడర్‌లో తెలుగు: ఒత్తుల దగ్గర ఆగిపోయిన నలభై రోజులు

అమ్మ కోసం కొన్న ఈ-రీడర్‌లో, అంటే పుస్తకాలు చదవడానికే చేసిన పరికరంలో, తెలుగు సరిగ్గా కనిపించేలా చేసే పని నిన్న రాత్రికి పూర్తయింది. అక్షరాలు సరిగ్గా ఉన్నాయని అమ్మ నోటితో విన్నాకే పడుకున్నాను. దీనికి నలభై రోజులు పట్టింది. ఈ నలభై రోజుల్లో పడ్డ మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి, అందుకే వెంటనే రాస్తున్నాను. తెలుగు పుస్తకాల కోసం ఈ-రీడర్ కొందామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

అమ్మకు 74 ఏళ్లు. ఎడమ కంటికి శుక్లం తీయించాం. కుడి కంటికి ఇంకా ఆగమన్నారు. తెనాలిలో మా ఇంటి అటక మీద, వారపత్రికల్లోంచి ఆమె కత్తిరించి కుట్టించుకున్న సీరియళ్ల బైండింగులు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు వాటిలో ఒక్కటీ చదవలేదు, చూపు ఆనదు. భూతద్దం పట్టుకుంటే చేయి వణుకుతుంది. ఫోన్‌లో అరగంట చదివితే కళ్లు మండి నీళ్లు కారతాయి.

ఈ-రీడర్ తెర ఫోన్ తెరలాంటిది కాదు. దాని లోపల వెంట్రుక మందం గుళికలు, వాటిలో నలుపు తెలుపు రేణువులు ఉంటాయి. కరెంటు తగిలినప్పుడు ఏ రంగు రేణువు పైకి తేలితే అది కనిపిస్తుంది. తేలిన రేణువు అక్కడే నిలబడుతుంది కాబట్టి పేజీ మార్చినప్పుడు తప్ప తెరకు కరెంటు అక్కర్లేదు. మాకు ఒక్క చార్జింగుతో మూడు వారాలు వస్తోంది. వెలుగు కూడా వెనక నుంచి కళ్లలోకి కొట్టదు, అంచుల్లోంచి తెర మీద పడుతుంది. అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. ఇది అమ్మ కోసమే చేశారనిపించింది.

కొనడం, వైఫై కలపడం, ఖాతా తెరవడం ఒక్క పూట పని. ఆరంగుళాల తెర, సుమారు 14 వేలు. పుస్తకానికీ ఇబ్బంది పడలేదు. పాత పుస్తకాలను ఉచితంగా ఉంచే తెలుగు వికీసోర్స్ సైటులో పుస్తకం పేజీ తెరిచి డౌన్‌లోడ్ నొక్కితే ఈపబ్ ఫైలు, అంటే ఈ-పుస్తకాల ఫైలు, దిగుతుంది. అమ్మ అడిగింది వీరేశలింగం గారి స్వీయచరిత్ర. ఫైలు ఎక్కించి తెరిస్తే పేజీ నిండా ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఫాంటు లేదన్నమాట అనుకుని, గూగుల్ ఫాంట్స్ నుంచి ‘మండలి’ దింపి, పరికరంలో ఫాంట్ల ఫోల్డర్‌లో వేశాను. మళ్లీ తెరిస్తే డబ్బాల చోట తెలుగు అక్షరాలు వచ్చాయి. పొంగిపోయాను. పై రెండు మాటలూ చూశాను, వాటిలో ఒత్తులు లేవు. అక్కడే ఆగిపోయాను. రెండో పేజీ తిప్పి ఉంటే ఆ రోజు అమ్మ అంత బాధపడేది కాదు.

ఆ ఆదివారం మామయ్య వాళ్లు వచ్చారు. అందరి ముందూ అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి జోడు తీసి, చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. పరికరాన్ని కిటికీ వైపు తిప్పింది. దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పెట్టింది. మళ్లీ జోడు తీసి తుడిచింది. నేను కాఫీ గ్లాసులు తీస్తూ ఆమె మురిసిపోతోందనే అనుకుంటున్నాను. చివరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్లకు వినపడకుండా నాతో అంది: “అమ్మాయీ, నా కుడి కన్ను కూడా పోయినట్టుందే. అక్షరాలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నాయి.”

తీసుకుని చూశాను. ఆమె కంటి తప్పు కాదు. ‘స్త్రీ’ ఉండాల్సిన చోట స, దాని పక్కన పొల్లు, త, ఇంకో పొల్లు, ర, ఆ తర్వాత చుక్కల వలయం మీద ఒంటరిగా ఒక గుడిదీర్ఘం. ‘లక్ష్మి’ నాలుగు ముక్కలైంది. ఒత్తు అన్నది ఒక్కటీ కింద లేదు, అన్నీ పక్కకొచ్చి కూర్చున్నాయి. మామయ్య కూడా వంగి చూసి, “ఈ డబ్బుతో పెద్దక్షరాల పుస్తకాలు ఒక బీరువా నిండా వచ్చేవి కదమ్మా” అన్నాడు. తప్పు పరికరానిదని ఎంత చెప్పినా అమ్మ నమ్మలేదు. రెండు రోజులు సెలవు పెట్టి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, చూపు ఎప్పటిలాగే ఉందని ఆయన చెప్పాక గానీ ఆమె మనసు కుదుటపడలేదు. ఆ రెండు రోజులూ ఆమె సరిగ్గా తినలేదు. పాడైన వస్తువును చూసి మనిషి తన కన్నే పోయిందనుకోవడం ఎంత టెన్షనో చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ తర్వాత కస్టమర్ కేర్. నాలుగు సార్లు చేశాను. తెలుగు కోసం ఫలానా అంకె నొక్కమంటే నొక్కాను. మాట్లాడిన అమ్మాయి చక్కటి తెలుగులో పలకరించింది. సంగతి చెబితే రీసెట్ చేయమంది, చేశాను. ఎక్కించినవన్నీ పోయాయి, మళ్లీ ఎక్కించి చూస్తే ఒత్తులు మాత్రం అక్కడే ఉన్నాయి. రెండోసారి ఇంకొకరు సెట్టింగుల్లో భాష మార్చమన్నారు. ఆ జాబితాలో తెలుగే లేదు. మూడోసారి ఫొటో పంపమన్నారు, పంపాను. “తెర బాగానే ఉంది మేడమ్, మీ ఫైలులో లోపం” అన్నారు. అదే ఫైలు ఫోన్‌లో శుభ్రంగా తెరుచుకుంటోందని చెబితే నాలుగోసారి జవాబు, “అయితే ఫోన్‌లోనే చదువుకోండి మేడమ్.”

మనసొప్పక బెజవాడలో కొన్న షాపుకే వెళ్లాను. బస్సులో గంటకు పైగా నిలబడి వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో, పరికరం చేతిలోకి కూడా తీసుకోలేదు. “ఇందులో తెలుగు ఎవరు చదువుతారు మేడమ్?” అన్నాడు. “మా అమ్మ చదువుతుంది” అన్నాను. నా వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. వాపసు అడిగితే సీలు తీసి పది రోజులు దాటిందన్నారు. ఒంగోలు నుంచి ఆముదాలవలస దాకా ఏ ఊరికెళ్లినా తెలుగే మాట్లాడే చోట, తెలుగు పుస్తకం తెరవని వస్తువు అమ్మి, తెలుగు అడిగినందుకు నన్ను చూసి నవ్వారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. ఆ లెక్క ఆ కుర్రాడికి చెప్పే ఓపిక అప్పుడు లేక బయటికొచ్చేశాను. చెప్పి ఉండాల్సింది.

అసలు జబ్బేమిటో ఆ రాత్రి కూర్చుని చదివి తెలుసుకున్నాను. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అయితే ఫైలులో ‘క్ష’ ఒకే అక్షరంగా ఉండదు. క, పొల్లు, ష అని మూడు ముక్కలుగా వరసలో ఉంటుంది. ఆ ముక్కలను చదివి, ఏది ఒత్తుగా కిందికి వెళ్లాలో, గుడి దేని నెత్తిన పెట్టాలో చూసుకుని కూర్చే పని చదివించే సాఫ్ట్‌వేర్‌ది. నాన్న లెటర్ ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశారు కాబట్టి ఇది నాకు ఇట్టే అర్థమైంది. సాయంత్రం ఆయనకు అన్నం తీసుకెళ్లినప్పుడు చూసేదాన్ని: గళ్ల పెట్టెలో అక్షరాలు ఒక వైపు, ఒత్తులు ఒక వైపు, ఆయన వేళ్లు చూడకుండానే వెళ్లి తీసుకొచ్చేవి. ఫాంటు అంటే ఆ సీసం అక్షరాల పెట్టె. నేను పెట్టె తెచ్చి పెట్టాను గానీ పరికరంలో కంపోజిటర్ లేడు. ఇంకో పది ఫాంట్లు వేసినా ఒత్తులు కిందికి దిగవు. ఇంత చిన్న సంగతిని నాలుగు ఫోన్ కాల్స్‌లో ఒక్కరూ చెప్పలేకపోయారు.

మందు పేరు కోరీడర్. ఉచితంగా ఇచ్చే చదివించే ప్రోగ్రామ్. కిండిల్, కోబో, పాకెట్‌బుక్ పరికరాల్లో చాలావాటి మీద, ఆండ్రాయిడ్ మీద కూడా నడుస్తుంది. దానిలో అక్షరాలు కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనేది చేస్తుంది. కొన్ని పరికరాల్లో ఫోల్డర్ కాపీ చేస్తే సరిపోతుంది, కొన్నింటికి కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ తాళం విప్పాలి, దానివల్ల వారంటీ చిక్కులు రావచ్చు. అది ముందే తెలుసుకోండి. రెండో శనివారం ఇంటి పని అయ్యాక కూర్చుని రాత్రి రెండింటికి లేచాను. మొదటిసారి ఫాంటును తప్పు ఫోల్డర్‌లో వేశాను. కోరీడర్‌కు దాని సొంత ఫాంట్ల ఫోల్డర్ ఉంది, అందులోనే వేయాలి. రెండోది, ఫాంటు సెట్టింగుల్లో కెర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం, కూర్పు) అన్న చోట ‘బెస్ట్’ మీదే ఉండాలి. బ్యాటరీ మిగులుతుందని దాన్ని తగ్గిస్తే కూర్పు చెడుతుంది. ఆ రెండూ సరిచేసి తెరవగానే ‘స్త్రీ’ తన రూపంలో కనిపించింది. నేను చదివింది బీకాం, చేసేది బ్యాంకు కౌంటర్ ఉద్యోగం. ఇంజినీర్లెవరూ పక్కన లేరు. ఆ కంపెనీ మనుషులు చేయలేనిది నా అంతట నేను చేశాను, అది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, వాఙ్మయం, కర్తృత్వం, సంస్కృతం అని ఒక పేజీ టైపు చేసి ఈపబ్ చేసుకోండి. క్యాలిబర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిమిషంలో అవుతుంది. దాన్ని షాపులోనే, మీ ఎదురుగా, పరికరంలో తెరిపించండి. తెరవనంటే కొనకండి. కస్టమర్ కేర్‌ను అడిగి కొనడం మాత్రం వద్దు. పైన చెప్పిన రేణువుల తెరతో (దాన్నే ఈ-ఇంక్ అంటారు) ఆండ్రాయిడ్ పరికరాలు కూడా వస్తున్నాయి, ధర ఎక్కువే గానీ ఫోన్‌లో తెలుగు చూపించే యాప్‌లు వాటిలోనూ ఎక్కుతాయి. చేతిలో డబ్బుంటే అవే నయం.

పీడీఎఫ్‌ల గురించి ఒక మాట. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైటులో వేలల్లో ఉన్నాయి. వాటిలో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసినవి. ఆ పని వెనక ఉన్న పది లక్షల పుస్తకాల ప్రాజెక్టును నడిపించింది మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు. కానీ స్కాన్ అంటే ఫొటో. ఆరంగుళాల తెర మీద పేజీ మొత్తం పెడితే చీమల బారులా ఉంటుంది, అక్షరం పెద్దది చేయడం కుదరదు. ఫొటోను పదాలుగా కత్తిరించి మళ్లీ పేర్చే ప్రోగ్రామ్ కూడా వాడి చూశాను. కొన్ని చోట్ల ఒత్తు కింది వరసదనుకుని విడగొట్టేసింది. అంచులు కత్తిరించి, పరికరాన్ని అడ్డంగా తిప్పి చదవడమే మిగిలింది. అమ్మలాంటి వాళ్లకు అదీ కష్టమే. వికీసోర్స్‌లో పని చేసేవాళ్లు అందుకే నాకు దేవుళ్లలా కనిపిస్తారు. ఇలాంటి స్కాన్లనే పేజీ తర్వాత పేజీ టైపు చేసి, దిద్ది, ఇంకొకరు మళ్లీ సరిచూస్తే ఆ పేజీకి ఆకుపచ్చ గుర్తు పడుతుంది. జీతం లేని పని అది.

ఆ పనికి నమస్కారం పెట్టి, బతికున్న రచయితల పుస్తకాలను స్కాన్ చేసి గ్రూపుల్లో పంచేవాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను ఈ-రీడర్ కొన్నానని తెలియగానే ముగ్గురు నాకు అలాంటివి వందల కొద్దీ పంపారు. అన్నీ చెరిపేశాను. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో కన్నుమూశారు, వాళ్లవి ఎవరైనా పంచుకోవచ్చు. ఇవాళ రాస్తున్న మనిషి పుస్తకం ఒక వెయ్యి అమ్ముడైతే పండగ చేసుకుంటారు, అందులో కూడా దొంగతనమా? తెలుగులో ఈ-పుస్తకాలు ఎందుకు రావడం లేదని వాళ్లే మళ్లీ అడుగుతారు.

నిన్న రాత్రి అమ్మకు పరికరం ఇస్తూ నా చేతులు చల్లబడ్డాయి. ఆమె వెంటనే తీసుకోలేదు. “మళ్లీ అదేనా?” అంది. ‘స్త్రీ’ ఉన్న పేజీ తెరిచి చూపించాను. వేలితో ఒత్తు కింద గీత గీసినట్టు జరుపుతూ పైకి చదివింది. వేలు తగిలి పేజీ తిరిగిపోతే వెనక్కి ఎలా రావాలో చెప్పాను. నాలుగు పేజీలు ఆగకుండా చదివింది, కళ్లజోడు ఒక్కసారి కూడా తీయలేదు. లైటు ఆర్పబోతుంటే పిలిచింది.

“ఈ అక్షరాలు ఒక మెట్టు తగ్గించవే, పేజీకి పది వరసలే వస్తున్నాయి. ఊరికే తిప్పుకోవాల్సొస్తోంది.”