పేరు మార్చుకుని బతికిన రచయిత

డ్రాక్యులా గురించి వినని వాళ్లు తక్కువ. ఆ రక్తపిశాచి నవల వెలువడిన 1897లోనే ఇంగ్లండ్‌లో వచ్చిన 'ది బీటిల్' (పెంకు పురుగు) అనే నవల మొదట్లో కొన్నేళ్లు దానికంటే బాగా అమ్ముడుపోయిందంటే మాత్రం నమ్మబుద్ధి కాదు. దాన్ని రాసింది రిచర్డ్ మార్ష్.

అది అసలు పేరు కాదు. 1857లో లండన్‌లో పుట్టినప్పుడు పెట్టింది రిచర్డ్ బెర్నార్డ్ హెల్డ్‌మన్. ఆ పేరుతోనే మగపిల్లల కోసం సాహస కథలు రాశాడు, 'యూనియన్ జాక్' పత్రికకు సహ సంపాదకుడయ్యాడు, అంతా బాగుందనుకునేలోపే ఆ ఉద్యోగం పోయింది, ఆ తర్వాత దొంగ చెక్కులు రాసి దొరికిపోయి 1884లో 18 నెలల జైలు శిక్ష పడింది. బయటికొచ్చాక పాత పేరు వదిలేసి, తల్లి పుట్టింటి పేరు తగిలించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. దెయ్యాలు, దొంగలు, ప్రేమ, హాస్యం, ఏది అమ్ముడుపోతే అది. 1915లో చనిపోయేలోపు దాదాపు 80 పుస్తకాలు!

బీటిల్ మొదటి భాగం ఒక్కటి చాలు ఆయన సత్తా తెలియడానికి. ఉద్యోగం లేని గుమాస్తా ఒకడు రాత్రి తలదాచుకోవడానికి దిక్కులేని పేదలకు చోటిచ్చే వర్క్‌హౌస్ తలుపు తడితే పొమ్మంటారు, వానలో ఆకలితో తిరిగి తిరిగి ఓ ఇంటి కిటికీ తెరిచి ఉంటే లోపలికి దూరతాడు. లోపల ఏముందో చెప్పను. కానీ నన్ను వణికించింది ఆ పురుగు కంటే ఆ ఆకలే. జైలు చూసొచ్చిన మనిషి కాబట్టే అలా రాయగలిగాడేమో అని నా అనుమానం.

చివరికొచ్చేసరికి కథ రైలు వెంట పరుగు తీసి హడావుడిగా ముగిసిపోతుంది. ఆ పురుగు వచ్చింది ఈజిప్టు నుంచే, అక్కడివాళ్లను చూపించిన తీరు కూడా ఇప్పుడు చదివితే చిరాకే, అప్పటికే ఆ దేశం బ్రిటిష్ సైన్యం గుప్పిట్లో ఉంది, అయినా భయపడాల్సింది లండన్ వాళ్లేనట!

నన్నడిగితే విక్టోరియా కాలం దాటాక, 1911 నుంచి 'స్ట్రాండ్' పత్రికలో రాసిన జూడిత్ లీ కథలు ఇంకా మేలు. ఆమె చెవిటివాళ్లకు పాఠాలు చెప్పే టీచర్, పెదాల కదలిక చూసి దూరంగా ఉన్నవాళ్ల మాటలు పట్టేస్తుంది. మొదటి కథలో ఆమె ఇంకా చిన్నపిల్ల. రైల్లో ఇద్దరు దొంగలు గుసగుసలాడుకుంటుంటే అంతా చదివేస్తుంది, తర్వాత వాళ్లకు చిక్కితే ఒకడు ఆమె జుట్టు కత్తిరించేస్తాడు. ఆ పిల్లకు దొంగతనం కంటే జుట్టు పోయిందనే కోపం ఎక్కువ, వాణ్ని పట్టించేదాకా ఊరుకోదు.